డస్టర్ వర్సెస్ ఎకోస్పోర్ట్: 0.9 సెకన్ల గొడవ వెనుక అసలు కథ

ఈ రోజు ఎపిసోడ్ ఒక పాత గొడవ గురించి. 2013, 2014లో కాలేజీ హాస్టల్లో ఉన్నవాళ్లని అడగండి, రాత్రి పదకొండు తర్వాత మెస్ బయట ఏం మాట్లాడుకునేవారో. క్రికెట్ ఒకటి, సినిమా ఒకటి, మూడోది డస్టర్ ఫాస్టా, ఎకోస్పోర్ట్ ఫాస్టా. ఆ డిబేట్‌లో ఉన్నవాళ్లలో ఒక్కడి దగ్గర కూడా కారు ఉండేది కాదు, అది వేరే విషయం.

రెండు నంబర్లు ముందే చెప్పేస్తాను, సస్పెన్స్ వద్దు. యూరప్‌లో కంపెనీలు అధికారికంగా ఇచ్చిన లెక్కలు ఇవి. డస్టర్, 1.5 లీటర్ డీజిల్, 110 పీఎస్, ముందు చక్రాలకే పవర్ వెళ్లే వెర్షన్: సున్నా నుంచి 100 కిలోమీటర్ల స్పీడుకి 11.8 సెకన్లు, టాప్ స్పీడ్ గంటకు 171 కి.మీ. ఎకోస్పోర్ట్, 1.0 లీటర్ ఎకోబూస్ట్ పెట్రోల్, 125 పీఎస్: 12.7 సెకన్లు, టాప్ స్పీడ్ 180.

ఇప్పుడు ఇంకోసారి చూడండి. పవర్ ఎక్కువ ఉన్న కారు 100కి లేటుగా వెళ్తోంది. కానీ టాప్ స్పీడ్‌లో అదే ముందుంది. అంటే హాస్టల్లో రెండు పార్టీలూ కరెక్టే. ఇద్దరూ "ఫాస్ట్" అనే ఒకే మాట వాడి రెండు వేరే వేరే విషయాలు మాట్లాడుకున్నారు. ఇది ఎందుకు ఇలా వచ్చిందో చెప్పాలంటే ఇంజన్ దగ్గర మొదలుపెడితే చాలదు, బడ్జెట్ స్పీచ్ దగ్గరికి వెళ్లాలి. నిజంగానే.

ముందు కొంచెం వెనక్కి. 1994లో జపాన్‌లో టయోటా "రావ్4" అనే బండి తెచ్చింది. చూడ్డానికి జీపు లాగా ఎత్తుగా ఉంటుంది, కింద మాత్రం కారు. అంటే లారీకి ఉన్నట్టు విడిగా ఇనప ఛాసిస్ ఉండదు, బాడీ మొత్తం ఒకటే ముక్క. మరుసటి ఏడాది హోండా "సీఆర్-వీ" వచ్చింది. కాంపాక్ట్ క్రాసోవర్ అని మనం ఇప్పుడు పిలిచే జాతి జనాల్లోకి వెళ్లింది ఈ రెండిటితోనే. అదే 1994లో మన దేశంలో ఏం వచ్చిందో తెలుసా? టాటా సుమో. ఫ్యాక్షన్ సినిమాల్లో గాల్లోకి లేచే సుమో. తర్వాత సఫారీ, క్వాలిస్, బొలెరో, స్కార్పియో. ఇవన్నీ ఛాసిస్ మీద కూర్చున్న బరువైన బండ్లు. పదిమందిని ఎక్కించుకుని ఊరెళ్లడానికి సూపర్. సున్నా నుంచి వంద ఎన్ని సెకన్లు అని అప్పట్లో సుమో ఓనర్‌ని అడిగితే "వందా? ఎందుకు బాబూ?" అనేవాడు.

ఇప్పుడు బడ్జెట్. 2006లో ఆర్థికమంత్రి చిదంబరం గారు చిన్న కార్లకి ఎక్సైజ్ సుంకం 24 శాతం నుంచి 16 శాతానికి తగ్గించారు. చిన్న కారు అంటే ఏంటి? పొడవు 4 మీటర్లు దాటకూడదు. ఇంజన్ పెట్రోల్ అయితే 1200 సీసీ లోపు, డీజిల్ అయితే 1500 సీసీ లోపు ఉండాలి. అంతే, రెండు కండిషన్లు. కోడ్ రాసేవాళ్లకి బాగా అర్థమవుతుంది, ఒక "ఇఫ్" స్టేట్‌మెంట్. కానీ ఆ ఒక్క ఇఫ్ మన రోడ్ల మీద బండ్ల షేపే మార్చేసింది. డిక్కీ కోసేసిన సెడాన్లు గుర్తున్నాయా? వెనక ఎవరో కత్తితో తెగ్గొట్టినట్టు ఉంటాయి. అవన్నీ ఈ రూల్ పిల్లలే. 2012లో మహీంద్రా వాళ్లు జైలోని కత్తిరించి క్వాంటో అని తెచ్చారు. దాన్ని పక్క నుంచి చూస్తే ఇప్పటికీ నాకు బాధేస్తుంది.

సరే, మన ఇద్దరు హీరోల ఎంట్రీ.

డస్టర్ పుట్టింది రొమేనియాలో. అక్కడ డాచియా అనే కంపెనీ ఉంది, దాన్ని 1999లో రెనో కొనుక్కుంది. చవకగా, గట్టిగా, ఎక్కువ ఫ్యాన్సీ లేకుండా కార్లు చేయడం వాళ్ల పద్ధతి. వాళ్ల లోగన్ అనే సెడాన్ 2007లో మహీంద్రాతో కలిసి మన దగ్గరికీ వచ్చింది, మీలో కొంతమంది దాన్ని వెరిటో పేరుతో ట్యాక్సీగా ఎక్కే ఉంటారు. ఆ లోగన్ ప్లాట్‌ఫామ్ మీదే 2010లో డస్టర్ కట్టారు. 2012 జులైలో ఇండియాలో లాంచ్, తయారీ చెన్నై దగ్గర ఒరగడంలో, ధర 7.19 లక్షల నుంచి. పొడవు 4,315 మిల్లీమీటర్లు. అంటే 4 మీటర్ల గీత దాటేసింది, ట్యాక్స్ తగ్గింపు లేదు. వాళ్లు పట్టించుకోలేదు. సస్పెన్షన్ మీద నమ్మకం పెట్టుకున్నారు. గుంతల్లో దించి నడిపినవాళ్లకి ఆ నమ్మకం ఎందుకో తెలుసు. 2013 ఇండియన్ కార్ ఆఫ్ ద ఇయర్ కూడా ఇదే.

ఎకోస్పోర్ట్ పుట్టింది బ్రెజిల్లో, 2003లో, ఫియస్టా ఆధారంగా. రెండో తరం బండిని ఫోర్డ్ 2012 జనవరిలో ఢిల్లీ ఆటో ఎక్స్‌పోలో చూపించింది. మనకి లాంచ్ 2013 జూన్, ధర 5.59 లక్షల నుంచి. తయారీ ఇదీ చెన్నై దగ్గరే, మరైమలై నగర్‌లో. రెండు ఫ్యాక్టరీల మధ్య గంట కూడా పట్టని దూరం. పొడవు 3,999 మిల్లీమీటర్లు. చూశారా, గీతకి ఒక్క మిల్లీమీటర్ ఇవతల. వెనక డోర్‌కి స్టెప్నీ తగిలించిన బ్రెజిల్ షేప్‌లో ఉన్న కారుని మన ఇఫ్ కండిషన్‌లో పాస్ చేయించారు.

ఇక్కడే అసలు ట్విస్ట్. 4 మీటర్ల లోపు ఉంటే సరిపోదు, ఇంజన్ కూడా లిమిట్‌లో ఉండాలి. ఎకోస్పోర్ట్‌కి మూడు ఇంజన్లు ఇచ్చారు. 1.5 డీజిల్ ఓకే, 1500 లోపే. 1.5 పెట్రోల్ ఫెయిల్, ఎందుకంటే పెట్రోల్ లిమిట్ 1200. అప్పట్లో చిన్న కార్లకి సుంకం 12 శాతం, లిమిట్ దాటినవాటికి దానికి రెట్టింపు. మరి పెట్రోల్లో పవర్ కావాలి, 1200 సీసీ దాటకూడదు. ఏం చేయాలి? టర్బో పెట్టాలి. ఆ జవాబే 1.0 లీటర్ ఎకోబూస్ట్. మూడు సిలిండర్లు, 999 సీసీ, 125 పీఎస్. దాని ఇంజన్ బ్లాక్ ఒక ఏ4 కాగితం మీద పట్టేంత చిన్నది, ఫోర్డ్ ఈ మాటతోనే పబ్లిసిటీ చేసింది. 2012, 2013, 2014, వరసగా మూడేళ్లు ఇంటర్నేషనల్ ఇంజన్ ఆఫ్ ద ఇయర్. దాన్ని ఫోర్డ్ మన కోసమే చేయలేదు, యూరప్‌లో కాలుష్యం, మైలేజీ రూల్స్ కోసం చేసింది. కానీ మన ట్యాక్స్ గీతకి అది తాళానికి తాళంచెవిలా సరిపోయింది.

ఇప్పుడు ఆ నంబర్లలోకి దిగుదాం. మీకు మ్యాథ్స్ అంటే భయం ఉంటే రెండు నిమిషాలు నాతో ఉండండి, ఇంటర్ ఫిజిక్స్ దాటి వెళ్లను.

టాప్ స్పీడ్ ఈజీ, ముందు అది. కారు వేగం పెరిగేకొద్దీ గాలి తోసేస్తుంది. ఆ గాలిని చీల్చడానికి కావాల్సిన పవర్ వేగానికి క్యూబ్‌లో పెరుగుతుంది. వేగం రెట్టింపు కావాలంటే పవర్ ఎనిమిది రెట్లు కావాలి. దీన్ని తిప్పి చూడండి. డస్టర్ 110 పీఎస్‌తో 171 వెళ్తుంది. అదే బాడీకి 125 పీఎస్ ఇస్తే? 125ని 110తో భాగిస్తే 1.136. దాని క్యూబ్ రూట్ 1.043. 171ని దానితో గుణిస్తే 178. ఎకోస్పోర్ట్ అసలు నంబర్ 180. దాదాపు దగ్గరికి వచ్చేశాం కదా? మిగిలిన ఆ కాస్త తేడా బాడీ, గేర్ల మీద పెట్టుకోవచ్చు. డస్టర్ వెడల్పు 1,822 మిల్లీమీటర్లు, ఎకోస్పోర్ట్ 1,765. సన్నగా ఉన్న బండికి గాలి దెబ్బ కొంచెం తక్కువ. 15 పీఎస్ ఎక్కువ ఇచ్చి ఇంత కష్టపడితే వచ్చింది 9 కిలోమీటర్లు. టాప్ స్పీడ్ అంటే ఇంతే, చివర్లో ప్రతి కిలోమీటరూ చాలా కాస్ట్లీ.

యాక్సిలరేషన్ కథ వేరే. అక్కడ బ్రోచర్ మీద ఉన్న పవర్ కాదు, దారి పొడుగునా సగటున ఎంత పవర్ చక్రాలకి చేరింది అన్నది ముఖ్యం. ఒక లెక్క చేశాను. రెండు బండ్లూ మనిషితో కలిపి 1,300 కిలోలు అనుకుందాం, పోల్చడానికి మాత్రమే. 100 కిలోమీటర్ల స్పీడ్‌లో ఆ బరువులో ఉండే శక్తి సుమారు 500 కిలోజౌళ్లు. దాన్ని 11.8 సెకన్లలో కూడగట్టాలంటే సగటున 58 పీఎస్ చాలు. 12.7 సెకన్లలో అయితే 54 పీఎస్. అంటే 125 పీఎస్ అని స్టిక్కర్ వేసుకున్న కారు పరుగు మొత్తం మీద వేగంగా మార్చగలిగింది అందులో సగం కన్నా తక్కువ! మిగతాది ఏమైంది? కొంత గాలికి, టైర్లకి. కొంత గేరు మార్చేటప్పుడు క్లచ్ తొక్కిన టైంలో పోయింది. అన్నిటికన్నా ఎక్కువ, ఇంజన్ తన ఫుల్ పవర్ ఇచ్చే ఆర్పీఎంలో ఉండేది కొద్దిసేపే కాబట్టి పోయింది.

డీజిల్ ఇక్కడ కొట్టింది. ఎకోబూస్ట్ టార్క్ 170 న్యూటన్ మీటర్లు. ఆ యూరప్ డస్టర్‌కి 240, మన దేశంలో అమ్మిన దానికి 248. పైగా డస్టర్‌కి ఆరు గేర్లు, ఎకోబూస్ట్‌కి అప్పట్లో ఐదు. గేర్ల మధ్య దూరం తక్కువైతే గేరు మార్చిన ప్రతిసారీ ఇంజన్ మళ్లీ బలమున్న చోటే పడుతుంది. ఐదు గేర్లతో అయితే ఒక్కో మెట్టు పెద్దది, దిగినప్పుడల్లా టర్బో మళ్లీ ఊపిరి తీసుకోవాలి. డస్టర్‌లోని ఆ డీజిల్ ఇంజన్ పేరు కే9కే. దీని మీద నాకు ప్రత్యేకమైన అభిమానం ఉంది, దాచుకోను. నిస్సాన్ టెరానోలో అదే, నిస్సాన్ సన్నీలో అదే, ఆఖరికి మెర్సిడెస్ ఏ-క్లాస్‌లో ఒక వెర్షన్‌కి కూడా అదే కుటుంబపు ఇంజన్. లక్షలు లక్షలు పోసి బెంజ్ కొన్నవాడి బానెట్ కింద, డస్టర్ బానెట్ కింద ఒకే రక్తం.

ఇప్పుడు ఆ 0.9 సెకన్లు కళ్లకి ఎంత కనిపిస్తాయి? రెండు బండ్లూ ఒకే గీత మీద నుంచి బయల్దేరాయనుకోండి. డస్టర్ 100 తాకే క్షణానికి ఎకోస్పోర్ట్ దానికి సుమారు 12 మీటర్లు వెనక ఉంటుంది. మూడు ఎకోస్పోర్ట్‌ల పొడవు. అంతే. హాస్టల్లో రెండేళ్లు కొట్టుకుంది ఈ 12 మీటర్ల కోసం.

అసలు ఈ "సున్నా నుంచి" లెక్క ఎవరు మొదలుపెట్టారు? దీని క్రెడిట్ అమెరికాలో టామ్ మెకాహిల్ అనే ఆయనకి ఇస్తారు. 1946లో "మెకానిక్స్ ఇలస్ట్రేటెడ్" పత్రికలో కార్ల రివ్యూలు రాయడం మొదలెట్టారు. కారు ఎంత చురుకుగా ఉందో చెప్పడానికి సున్నా నుంచి గంటకు 60 మైళ్లు ఎంతసేపట్లో వెళ్తుందో కొలిచేవారు. 60 మైళ్లంటే మన లెక్కలో 96.6 కి.మీ. కిలోమీటర్లు వాడే దేశాలు దాన్ని 100 చేసుకున్నాయి. అందులో ఏ సైన్సూ లేదు, గుండ్రంగా ఉన్న సంఖ్య కాబట్టి. అమెరికా పత్రికలు కొన్ని ఇప్పటికీ మొదటి ఒక అడుగు దూరాన్ని లెక్కలోంచి తీసేస్తాయి, డ్రాగ్ రేసింగ్ అలవాటు ప్రకారం. దానివల్ల దాదాపు 0.3 సెకన్లు తగ్గిపోతాయి. యూరప్ నంబరుకి, అమెరికా నంబరుకి పోటీ పెట్టేముందు ఇది గుర్తుంచుకోండి.

కొలిచే పద్ధతి కూడా మారింది. మొదట్లో కారు వెనక సైకిల్ చక్రం లాంటి ఐదో చక్రం కట్టి కొలిచేవారు. ఇప్పుడు టెస్టర్ల దగ్గర సెకనుకి పది నుంచి వంద సార్లు రీడింగ్ తీసుకునే జీపీఎస్ పరికరాలున్నాయి. మరి మన ఫోన్? మామూలు ఫోన్ జీపీఎస్ సెకనుకి ఒక్కసారి అప్‌డేట్ అవుతుంది. ఒక్క సెకను గ్యాప్‌తో చూసే పరికరంతో 0.9 సెకన్ల తేడా ఎలా పట్టుకుంటారు? థర్మామీటర్‌తో బరువు తూచినట్టు ఉంటుంది. ఫోన్ యాప్‌తో తీసిన స్క్రీన్‌షాట్ పట్టుకుని ఎవరైనా గొడవకొస్తే ఈ ఒక్క ప్రశ్న అడగండి, చాలు.

స్పీడోమీటర్ వీడియో తీసి పెట్టేవాళ్లు ఇంకో రకం. ముల్లు 100 చూపిస్తే కారు 100లో ఉన్నట్టు కాదు. ఐక్యరాజ్యసమితి వాహన నిబంధనల్లో 39వది ఏం చెప్తుందంటే, స్పీడోమీటర్ అసలు వేగం కన్నా తక్కువ చూపించకూడదు, ఎక్కువ చూపించొచ్చు, అసలు వేగంలో పది శాతం, దాని మీద ఇంకో 4 కి.మీ. దాకా. అంటే అసలు 100 ఉన్నప్పుడు ముల్లు 114 దాకా వెళ్లొచ్చు. తిప్పి చెప్తే, ముల్లు 100 మీదున్నప్పుడు కారు నిజంగా 87 దగ్గరే ఉండొచ్చు. అందుకే "బ్రో, నా బండి 190 కొట్టింది" అన్నవాడి మాటని సగౌరవంగా ఒక పది పదిహేను తగ్గించుకుని వినాలి.

సరే, ఇంతకీ మన రోడ్ల మీద సున్నా నుంచి వంద ఎవడికి కావాలి? సిగ్నల్ దగ్గర నుంచి వంద దాకా వెళ్లే రోడ్డు మన సిటీల్లో ఎక్కడుంది? నా లెక్కలో మనకి పనికొచ్చే నంబరు వేరే. 60 నుంచి 100. రెండు వరసల రోడ్డు మీద లారీ వెనక ఇరుక్కున్నప్పుడు.

ఇది వివరంగా చూద్దాం, ఎందుకంటే ఇందులో ప్రాణాలున్నాయి. లారీ 60లో వెళ్తోంది, మీరూ 60లో దాని వెనక ఉన్నారు. 20 మీటర్లు వెనక, లారీ 10 మీటర్ల పొడవు, ముందుకెళ్లాక 20 మీటర్లు వదిలి లోపలికి రావాలి. మొత్తం లారీ కన్నా 50 మీటర్లు ఎక్కువ వెళ్లాలి. మీ బండి ఆ వేగంలో ప్రతి సెకనుకీ మీటరు పర్ సెకండ్ చొప్పున, అంటే గంటకి 3.6 కి.మీ. చొప్పున స్పీడు పెంచుకోగలిగితే, ఓవర్‌టేక్‌కి 10 సెకన్లు పడుతుంది. ఆ 10 సెకన్లలో మీరు 217 మీటర్లు వెళ్తారు. ఎదురుగా 80లో ఒక బస్సు వస్తోందనుకోండి, అది 222 మీటర్లు వస్తుంది. కలిపితే దాదాపు 440 మీటర్ల ఖాళీ రోడ్డు కనిపిస్తేనే మీరు బయటికి రావాలి. 440 మీటర్లంటే సుమారు మూడు క్రికెట్ గ్రౌండ్లు పొడవునా పేర్చినంత.

ఇప్పుడు మీ బండి పాతిక శాతం చురుకైనది అనుకుందాం. టైం 9 సెకన్లకి తగ్గుతుంది, కావాల్సిన ఖాళీ 400 మీటర్లు. అంటే ఒక్క సెకను ఇక్కడ 40 మీటర్లు. హాస్టల్లో 0.9 సెకన్లంటే 12 మీటర్లు, పందెం. లారీ పక్కన అదే ఒక సెకను 40 మీటర్లు, ఎదురుగా బస్సు. ఒకటే సెకను, విలువ మాత్రం వేరు.

ఇక్కడ కూడా డీజిల్ డస్టర్‌దే పైచేయి అని నా అభిప్రాయం, కానీ ఒక షరతు. టర్బో బండ్లు రెండూ తక్కువ ఆర్పీఎంలో నిద్రపోతాయి. డస్టర్ టార్క్ పీక్ 1,750 ఆర్పీఎం దగ్గర. దానికి కిందుగా, టాప్ గేరులో ఉండి యాక్సిలరేటర్ తొక్కితే ఏమీ జరగదు, ఒకటి రెండు సెకన్లు ఊరికే పోతాయి. మా బాబాయ్‌కి 85 పీఎస్ డస్టర్ ఉండేది. హైదరాబాద్ నుంచి శ్రీశైలం వెళ్లేటప్పుడు మన్ననూర్ రాకముందు రోడ్డు మీద లారీ కనిపించగానే ముందు గేరు ఒకటి దించేవాడు, ఆ తర్వాతే ఇండికేటర్ వేసేవాడు. "గేరు దించకుండా దాటేది సినిమాలోనేరా" అనేవాడు. 110 పీఎస్ వాళ్లని కూడా అదే పద్ధతిలో దాటేవాడు. బ్రోచర్ నంబరు చెప్పనిది ఇదే, డ్రైవర్ ఏ గేరులో ఉన్నాడన్నది.

టాప్ స్పీడ్ సంగతి అయితే ఇంకా తమాషా. హైదరాబాద్ ఓఆర్ఆర్ 158 కి.మీ. 180లో ఒక రౌండ్ వేస్తే 52 నిమిషాల 40 సెకన్లు, 171లో అయితే 55 నిమిషాల 26 సెకన్లు. ఆ తేడా మూడు నిమిషాల లోపు. అక్కడ లిమిట్ 120. పైగా 2019 జులై నుంచి తయారైన కార్లన్నిటికీ స్పీడ్ వార్నింగ్ తప్పనిసరి, 80 దాటితే అప్పుడప్పుడు బీప్, 120 దాటితే ఆగకుండా బీప్. అంటే టాప్ స్పీడ్ నంబర్‌లో చివరి 50, 60 కిలోమీటర్లు మనం డబ్బులిచ్చి కొనుక్కుని, బీప్ పెట్టించుకుని, వాడకూడనివి.

2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు, కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్క. అందులో 71 శాతం మరణాలకి కారణం అతివేగం అని రాశారు. ఆ కాలమ్‌లో పోలీసులు అన్నిటికీ అతివేగమే రాసేస్తారనే విమర్శ ఉంది, రోడ్డు డిజైన్ తప్పులు అందులో కలిసిపోతాయి. అయినా సగం తీసేసినా చిన్న సంఖ్య కాదు.

ఇప్పుడు డస్టర్ ఫ్యాన్‌గా నాకు చెప్పడం కష్టమైన విషయం. 2017లో గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ మన దగ్గర అమ్మే డస్టర్‌ని క్రాష్ టెస్ట్ చేసింది. ఎయిర్‌బ్యాగ్ లేని బేస్ వెర్షన్‌కి పెద్దల రక్షణలో వచ్చింది సున్నా స్టార్లు. డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ ఉన్న వెర్షన్‌కి మూడు. ఆ ఎయిర్‌బ్యాగ్ కూడా లాటిన్ అమెరికాలో ఇచ్చేదాని కన్నా చిన్నదని ఆ సంస్థే చెప్పింది. ఎకోస్పోర్ట్ 2013లో యూరో ఎన్‌క్యాప్‌లో నాలుగు స్టార్లు తెచ్చుకుంది, కానీ అది యూరప్ స్పెక్ బండి, దాన్ని తెచ్చి మన బేస్ మోడల్‌కి అతికించకూడదు. అసలు పాయింట్ ఏంటంటే, ఆ సున్నా వచ్చిన టెస్ట్ జరిగిన వేగం గంటకు 64 కి.మీ. గుద్దినప్పుడు శక్తి వేగానికి స్క్వేర్‌లో పెరుగుతుంది. డస్టర్ టాప్ స్పీడ్ 171ని 64తో భాగించి స్క్వేర్ చేయండి. ఏడు దాటుతుంది. 64లో చేతులెత్తేసిన బాడీకి ఏడు రెట్ల శక్తి. మనం హాస్టల్లో 11.8, 12.7 అని బట్టీ పట్టాం, 64 అనే నంబరు మాలో ఒక్కడికీ తెలీదు. డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ ప్రతి కారుకీ తప్పనిసరి అయ్యింది 2019 జులైలో. డస్టర్ వచ్చిన ఏడేళ్లకి.

మిగతా కథ స్పీడుగా. 2015లో హ్యుందాయ్ క్రెటా, 2016లో మారుతి విటారా బ్రెజా వచ్చాయి, మార్కెట్ వాళ్ల చేతుల్లోకి వెళ్లింది. 2017 చివర్లో ఎకోస్పోర్ట్‌కి కొత్త 1.5 పెట్రోల్ ఇచ్చి ఎకోబూస్ట్‌ని ఆపేశారు, 2018లో "ఎస్" వెర్షన్‌లో ఆరు గేర్లతో మళ్లీ తెచ్చారు, బీఎస్6 రాగానే అదీ పోయింది. డస్టర్ డీజిల్ కూడా అదే బీఎస్6కి బలైంది. 2020లో డస్టర్‌కి 1.3 టర్బో పెట్రోల్ పెట్టారు, 156 పీఎస్. అప్పటికి చూసేవాళ్లు లేరు. 2019 ఆగస్టులో మన పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీ నుంచి సెల్టోస్ వచ్చి 140 పీఎస్ టర్బోతో దుమ్ము రేపేసింది కదా. అనంతపురం కారు ఆ సెగ్మెంట్‌లో రూల్స్ రాయడం, సుమోల సీమ అని పేరున్న చోట, నాకు భలే నచ్చిన మలుపు. 2021 సెప్టెంబర్ 9న ఫోర్డ్ ఇండియాలో కార్ల తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించింది. 2022లో ఆ డస్టర్ కూడా ఆగిపోయింది.

నంబర్లు మాత్రం పరుగెత్తుతూనే ఉన్నాయి. క్రెటా ఎన్ లైన్, 160 పీఎస్, కంపెనీ చెప్పే లెక్క 8.9 సెకన్లు. 2025లో వచ్చిన క్రెటా ఎలక్ట్రిక్, 7.9. డస్టర్ కన్నా నాలుగు సెకన్లు ముందు, అదీ గేర్లే లేకుండా. నేను చెప్పిన 58 పీఎస్ సగటు లెక్క గుర్తుందా? ఎలక్ట్రిక్ మోటార్‌కి ఆర్పీఎం కోసం వెతుక్కోవడం, క్లచ్ తొక్కడం ఏమీ లేవు, అందుకే స్టిక్కర్ మీద ఉన్న పవర్‌లో చాలా ఎక్కువ భాగం రోడ్డు మీదకి వస్తుంది. ఆ ఇఫ్ స్టేట్‌మెంట్ మాత్రం కదల్లేదు. 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ మారింది, గీత లోపలున్న చిన్న కార్లకి 18 శాతం, దాటిన పెట్రోల్, డీజిల్ బండ్లకి 40. గీత అదే, 4 మీటర్లు, 1200, 1500.

సెకండ్ హ్యాండ్‌లో ఈ రెండూ ఇప్పటికీ దొరుకుతాయి, చాలామంది చూస్తుంటారు కాబట్టి ఒక్క ముక్క. పదేళ్ల బండికి 11.8, 12.7 మర్చిపోండి. ఎకోబూస్ట్ అయితే దాని టైమింగ్ బెల్ట్ ఇంజన్ ఆయిల్లోనే తిరుగుతుంది, ఆయిల్ టైంకి మార్చని బండి అయితే ఆ బెల్ట్ అరిగి ముక్కలు ఆయిల్ పంప్ దారికి అడ్డం పడతాయి. సర్వీస్ రికార్డ్ లేకుండా ముట్టుకోవద్దు. డస్టర్ డీజిల్ అయితే బెల్ట్ ఎప్పుడు మార్చారో బిల్లు అడగండి, టర్బో పైపుల్లో ఆయిల్ తడి ఉందేమో మెకానిక్‌తో చూపించండి, ఎయిర్‌బ్యాగ్ ఉన్న వేరియంటా కాదా అన్నది స్టీరింగ్ మీద చూసి తెలుసుకోండి. టెస్ట్ డ్రైవ్‌లో మూడో గేరులో 40 దగ్గర నుంచి ఫుల్‌గా తొక్కి చూడండి, టర్బో బతికుంటే 2,000 ఆర్పీఎం దాటగానే వీపు సీటుకి ఆనుకుంటుంది.

నెక్స్ట్ ఎపిసోడ్ సుమో మీద. ఫ్యాక్షన్ సినిమాలకి ముందు, తర్వాత, రెండూ. ఉంటాను ఫ్రెండ్స్.